డింగ్ షాపు

కొండమల్లేపల్లి అడ్డరోడ్డు దాటినంక
రేకుల షెడ్డు మాది.
బోర్డు మీద మోటరు వైండింగ్ అని రాయించిన,
'వైం' రాలిపోయి మూడేండ్లాయె.
బడికి పోయే పోరలు డింగ్ షాపు అంటరు.

వార్నిషు డబ్బా మీద ఫోను నిలబెట్టింది నవనీత.
"మాట్లాడు నాయినా."
ఏం మాట్లాడాలె?
ముప్పై ఏండ్లు కాలిన మోటర్లతోని మాట్లాడిన,
అవి ఎన్నడు ఎదురు అడగలే.
మొదటిదినం
"మా వద్ద అన్ని రకముల మోటర్లు" అనుకుంట
పెండ్లిపత్రిక సదివినట్టు సదివిన.
పదకొండు మంది చూసిండ్రు.
అండ్ల నలుగురు మా ఇంటోల్లే,
నేనొక్కన్నే రెండుమార్లు.

తెల్లారి స్టేటరు బోర్లేసి
కాలిన తీగ కోసి తీసుడు చూపిచ్చిన.
నల్లబడ్డ రాగి.
వాసన ఫోనుల పోదు గదా,
అందుకే చెప్పిన:
"తమ్మీ, కమురు వాసన వచ్చిందంటే
నీ మోటరు పోయినట్టే లెక్క.
దానికంటె ముందుగాల ఒక చప్పుడొస్తది.
గరగర గాదు, గుర్రు గాదు,
జొన్నరొట్టెల ఇసుక వస్తే
చెవికంటె ముందు పంటికి తెలుస్తది సూడు,
గది."

ఖాజామియా ఉస్తాదు కాయిలు చుట్టుడు ఆపలే.
నాకు పని నేర్పిన చేతులవి.
చుట్ల లెక్క నోట్లనే పెట్టుకుంటడు,
అప్పుడు మేమెవ్వరం పలకరియ్యం.
లెక్క ఒడిసినంక అన్నడు:
"లింగసామీ, కాలిన మోటరే మన బువ్వ.
కాలకుండ ఎట్ల కాపాడుకోవాల్నో
ఊరూరికి చెప్తున్నవు.
ఎండకాలం ఏం తింటం?"

నా దగ్గర జవాబు లేకుండె.
ఇప్పటికీ సగమే ఉంది.

అయినా చెప్పిన.
కరెంటు సన్నగ వస్తుంటే
స్టార్టరు బటనుకు పుల్ల చెక్కి కట్టొద్దని,
ఫ్యూజు కాడ మొలతాడంత తీగ వెయ్యొద్దని,
నీళ్ళు దిగిన బోరుల మోటరును
ఎండు గొంతుతోని తిప్పొద్దని.

ఎండకాలం రానే వచ్చింది.
పోయినేడు గీ దినాలకు షెడ్డుల ఇరవై మూడు మోటర్లు,
ఈయేడు పదిహేడు.
నవనీత ఫోనుల లెక్క మాత్రం వేలల్ల.
గా వేలు పెడితే రాగితీగ వస్తదా అంటే
"ఓపిక వట్టు నాయినా" అంటది.
నేను వడత.
కిరాయి వట్టదు.

ఒకనాడు అచ్చంపేట అవతలికెల్లి ఒకాయన
ట్రాక్టర్ల బాయి మోటరు ఏసుకొచ్చిండు,
నడుమ నాలుగు షాపులు దాటుకొని.
"డింగ్ షాపు ఇదేనా?"
విప్పి చూస్తే కాలలే.
బేరింగొక్కటే అరిగింది.
"ఇసుక చప్పుడు ఇనవడ్డది, బందు జేసిన" అన్నడు.
నాలుగు వేల పని
నాలుగు వందలల్ల అయిపాయె.
ఆయన మొకం చూసి సంబురమైంది,
గల్ల చూస్తే కాలే.

మొన్న రాత్రి షట్టరు దించుతుంటే ఫోను.
అనంతపురం దిక్కు మాట.
"అన్నా, రవంత విను" అని
ఫోను తీస్కపోయి మోటరు కాడ పెట్టిండు.
గాలి. కీచురాళ్ళు. తొట్టిల నీళ్ళు పడుడు.
వాటి వెనక మోటరు.
నాకు తెల్వలే.
ఫోను ఉస్తాదు చెవికి ఆనిచ్చిన.
కండ్లు మూసుకున్నడు,
చుట్లు లెక్కవెట్టేటప్పుడు మూసుకున్నట్టు.
"బేరింగు మంచిగనే ఉంది.
కింద బోల్టు ఒకటి వదులైంది.
బిగియ్యమను."

అవతల మోటరు ఆగింది.
ఇనుము మీద ఇనుము తగిలింది.
మల్ల ఎక్కింది,
ఇసుక లేని చప్పుడు.
పేరు అడుగుదామనే లోపల ఫోను పెట్టేసిండు.

ఉస్తాదు ఇంకా చెవికాడనే పట్టుకొని ఉన్నడు.
"పైసలు అడగకపోతిమి" అన్నడు.
కొంచెంసేపు ఆగి నవనీత దిక్కు తిరిగిండు.
"బిడ్డా, గిదంత ఎక్కిందా నీ డబ్బాల?"
లేదని తల ఊపింది.
"మంచిది.
రేపు పొద్దుగాల
మనమే ఒక బోల్టు వదులు చేద్దాం."